వణుకు ఏడ పుడుతున్నది

రెండేండ్లాయె.
బ్రేకు మీద కాలు పెడితే చాలు
యాభై నుంచి ముప్పైకి దిగేలోపల
జరమొచ్చిన పోరని లెక్క వణుకుతది బండి.
క్లీనరు నర్సిం నిద్రల్నే పండ్లు కొరుకుతడు.
పన్నెండు టన్నుల పలకల బండ
ఎనకనుంచి నన్ను తోస్తనే ఉంటది.

చూపియ్యని షెడ్డు లేదు.
జడ్చర్లల లైనర్లు మార్చిన్రు, నెల మంచిగుండె.
నాగర్‌కర్నూల్ల బేరింగులు బిగించిన్రు, పది రోజులు.
కొండమల్లేపల్లిల ఒకాయన టైర్లన్నడు,
ఇంకొకాయన కమాన్లన్నడు,
దేవరకొండ దాటినంక ధాబా ఓనరు
దిష్టి అన్నడు.
అద్దం ముందరికి నిమ్మకాయ గట్ల వచ్చిందే.
బ్రేకు కొట్టినప్పుడల్లా అది గూడ వణికేది.

సేటు మాత్రం,
"బండికి ఇరవై రెండేండ్లు, నీకు యాభై ఆరు.
వణుకు ఎవరిదో ముందు తేల్చుకో కుర్మయ్యా" అని నవ్విండు.
నేనూ నవ్విన.
ఆ రాత్రి చాయ్ గ్లాసు పట్టుకొని
నా చెయ్యి దిక్కు చానాసేపు చూసిన.

కల్వకుర్తి మౌలాలి పానా ముట్టలే.
బండి కిందికి దూరలే.
బీడీ ముట్టించుకొని ఒక్కటే అడిగిండు:
"వణుకు ముందుగాల నీ చేతులకు దెలుస్తదా,
నడుముకు దెలుస్తదా?"

ఇన్నేండ్లల ఎవ్వడు గూడ
నా నడుమును ఒక మాట అడగలే.

వెల్దండ రోడ్డుకు తోలమన్నడు.
పక్కన కూసొని కండ్లు మూసుకున్నడు.
తొక్కు, అన్నడు. తొక్కిన.
ఇంకోపారి, అన్నడు.
మూడోపారి కండ్లు తెర్వకుండనే
"స్టీరింగుల లేదు. ఎనక. ఎడమ దిక్కు."

డ్రమ్ము ఇప్పి ఎండల ఎల్లకిల పెడితే
లోపల మూడు మచ్చలు,
రూపాయి బిళ్లలంత,
దెబ్బకు కమిలిన తొడ లెక్క నీలంగ.
లేత్ మీద ఎక్కిస్తే
ఉలి అక్కడికి రాంగనే కీచుమని ఎగురుతది,
దాటినంక మల్ల మెత్తగ పోతది.
"ఇనుము గీడ గట్టిపడ్డది.
ఎంత చెక్కినా గీ మూడు గడ్డలే మల్ల లేస్తయ్" అన్నడు.
అని, బండిని ఇడిసి నా దిక్కు తిరిగిండు.
"మన్ననూరు ఘాటు దిగినంక నువ్వేం చేస్తవ్?"

గర్వంగనే చెప్పిన.
హాజీపూర్ కాడ బోరింగు దగ్గర ఆపుత.
చక్రాలు పొగలు కక్కుతుంటయ్,
పాపం, ఎంత దూరం గుంజుకొచ్చిందో.
బకెట్లు బకెట్లు పోస్త.
మనం తాగకముందు బండికి తాపాలె,
మా ఉస్తాద్ నేర్పిన మాట.

"ఎడమ దిక్కు జర ఎక్కువనా?"
బోరింగు అటే గదా.
"బోరింగు ఎప్పుడేసిన్రు?"

రెండేండ్లాయె.

అనంగనే నా నోరు నాకే ఇనపడ్డది.

మౌలాలి తిట్టలే.
మసిగుడ్డకు చేతులు తుడుసుకుంట
"మీ ఊర్ల కొలిమి ఉంటుండెనా?" అన్నడు.
ఉంటుండె.
మా నాయిన కర్రు కాల్పిస్తుంటే తిత్తి నేనే ఊదిన.
ఎర్రగైనంక నీళ్లల ముంచితే సుయ్యిమనేది,
రాయి లెక్క గట్టిపడేది.
అదంత ఎరుకై గూడ పోసిన.

కొత్త డ్రమ్ములు. సేటు సగమిచ్చిండు,
సగం నా జీతంల నెలనెల కోస్తుండు.
ఘాటు రెండో గేర్ల దిగుతున్న,
ఎనక బస్సులోల్లు హారన్లతోటి తిడుతున్నరు.
ముందు కుడి చక్రం ఏదో సన్నగ గొణుగుతది గని
అది ఇంకోనాటి ముచ్చట.

ఇయ్యాల గూడ హాజీపూర్ కాడ ఆపిన.
నర్సిం అలవాటుకొద్ది బకెట్ నింపుకొచ్చిండు.
ఆగు, అన్న.
సగం నేను తాగిన, సగం వాడు కాళ్లమీద పోసుకున్నడు.
డ్రమ్ముకు జానెడు దూరంల అరచెయ్యి పెట్టిన.
ఇంకా సెగ.

ఇనుము సల్లారుకుంట టిక్కుమంటది.
జరసేపు ఊకుంటది, మల్ల టిక్కుమంటది.
నీళ్లు పోసినన్ని దినాలు
ఈ సప్పుడు నేను ఇనలే.
"పోదామా కాకా?" అన్నడు నర్సిం.
ఇంకొక బీడీ కాలనీ.